శాతం చెప్పారు సరే, అంచులు ఏవి?

2021 మార్చి 3వ తేదీన హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ, తమ కోవాక్సిన్ టీకా కోవిడ్ నుంచి 81 శాతం రక్షణ ఇస్తోందని ప్రకటించింది. అదే సంవత్సరం జూలైలో, ఆ రక్షణ 77.8 శాతమని ప్రకటించింది. తీవ్రమైన కోవిడ్ నుంచి రక్షణ మాత్రం 93.4 శాతమని కూడా అప్పుడే తెలిపింది. టీకా ఒక్కటే, సంఖ్యలు మూడు. నాలుగు నెలల్లో టీకా బలం తగ్గిపోయిందా, లేక ముందు చెప్పిన మాట అబద్ధమా అన్న సందేహం ఎవరికైనా కలుగుతుంది.

ఆ రెండూ కావు. టీకా మారలేదు. మారినది లెక్కకు ఆధారమైన రోగుల సంఖ్య. మార్చిలో చెప్పిన 81 శాతం 43 మంది రోగుల మీద వేసిన లెక్క. జూలైలో చెప్పిన 77.8 శాతం 130 మంది మీద వేసినది. తీవ్రవ్యాధికి సంబంధించిన 93.4 శాతానికి ఆధారం కేవలం 16 మంది. ఈ అంకెలు తెలియకుండా ఆ శాతాలను పోల్చి వాదించుకోవడం తక్కెడను చూడకుండా తూకం గురించి తగవులాడటమే.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. ఆరోగ్యానికి సంబంధించిన ఏ శాతానికైనా రెండు అంచులుంటాయి; నిజమైన విలువ ఎంత తక్కువ ఉండవచ్చో ఒక అంచు చెబుతుంది, ఎంత ఎక్కువ ఉండవచ్చో మరొకటి చెబుతుంది. ఆ అంచులు లేని శాతాన్ని పత్రికలు ప్రచురించకూడదు, వైద్యులు పలకకూడదు, మీరు పూర్తిగా నమ్మకూడదు.

ఒక్క మెతుకు సరిపోతుందా?

అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలు చెబుతారు. ప్రయోగశాలలో మీ చేతి నుంచి కొద్దిపాటి రక్తం తీసుకుని శరీరమంతటి రక్తం సంగతి చెప్పడం వెనుక ఉన్నదీ ఆ సూత్రమే. కుండలో నీరూ వేడీ అన్ని గింజలకూ ఇంచుమించు సమానంగా అందుతాయి కనుక ఒక్క మెతుకు సరిపోతుంది. మనుషులు అలా ఒక్క తీరున ఉండరు. ఒకే మందు ఒకరికి పనిచేస్తుంది, మరొకరికి చేయదు. అందువలన మనుషుల విషయంలో ఎన్ని మెతుకులు పట్టి చూశారన్నది ముఖ్యమవుతుంది.

ఒక ప్రకటన చూశారనుకోండి: "మా ఔషధం వాడినవారిలో 70 శాతం మందికి మోకాళ్ళ నొప్పి తగ్గింది." వాడినవారు పదిమందే అయితే, తగ్గినవారు ఏడుగురు. మోకాళ్ళ నొప్పి దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉండే జబ్బు. ఏ మందూ లేకపోయినా సగం మందికి ఆ కాలంలో ఉపశమనం కలుగుతుందని అనుకుందాం. అప్పుడు ఒక్కొక్క రోగి ఫలితం నాణెం ఎగరవేసినట్లే. పదిసార్లు నాణెం ఎగరవేస్తే ఏడుసార్లో అంతకంటె ఎక్కువో బొమ్మ పడే సంభావ్యత 17 శాతం. అంటే పనికిరాని మందు కూడా ఆరు ప్రయత్నాలలో ఒకసారి అంత చక్కని ఫలితం చూపగలదు. వాడినవారు వందమందై, తగ్గినవారు డెబ్బయిమంది అయితే కథ వేరు. నాణెం చలవతో అలా జరగడం లక్షసార్లలో నాలుగుసార్లకు మించదు.

శాతం రెండుచోట్లా 70. సాక్ష్యం మాత్రం ఒకటి కాదు.

అంతరం అంటే ఏమిటి?

ఈ భేదాన్ని ఒక్క చూపులో తెలిపేదే విశ్వాస్యతా అంతరం. వైద్యులు దీనిని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అనే వాడుక చేస్తారు. పదిమందిలో ఏడుగురు అన్నప్పుడు అసలు విలువ సుమారు 40 శాతం నుంచి 89 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చు. వందమందిలో డెబ్బయి అన్నప్పుడు ఆ అంతరం 60 నుంచి 78కి కుదించుకుంటుంది. వెయ్యిమందిలో ఏడువందలు అన్నప్పుడు 67 నుంచి 73 వరకు. పరిశీలించినవారు పెరిగిన కొద్దీ అంచులు దగ్గరవుతాయి, కాని నెమ్మదిగా. అంతరాన్ని సగానికి తగ్గించాలంటే నాలుగు రెట్ల మందిని పరిశీలించాలి. మంచి పరిశోధనలకు అంత కాలం, అంత ధనం ఎందుకు ఖర్చవుతాయో దీనివలన అర్థమవుతుంది.

కాగితం, కలం అక్కరలేని ఒక ఉజ్జాయింపు లెక్క చెబుతాను. శాతం యాభైకి దగ్గరలో ఉన్నప్పుడు, వందమందిని పరిశీలిస్తే అటూ ఇటూ పది శాతం, వెయ్యిమందిని పరిశీలిస్తే సుమారు మూడు శాతం, పదివేల మందిని పరిశీలిస్తే ఒక శాతం తేడా ఉండవచ్చునని గుర్తుంచుకోండి. ఒకటిని పరిశీలించినవారి సంఖ్య వర్గమూలంతో భాగిస్తే వచ్చేది అదే.

సాధారణంగా ఈ అంచులను 95 శాతం విశ్వాసంతో చెబుతారు. ఆ 95 మన చేతిలో ఉన్న ఒక్క అంతరానికి సంబంధించినది కాదు, దానిని కట్టిన పద్ధతికి సంబంధించినది. అదే పరిశోధనను అదే తీరులో వందసార్లు చేసి, వందసార్లూ అంతరాన్ని కడితే, అందులో సుమారు 95 అంతరాలు అసలు విలువను తమలో ఇముడ్చుకుంటాయి. తక్కిన అయిదింటికి అది చిక్కదు. మన చేతిలో ఉన్నది ఏ కోవకు చెందినదో మనకు తెలియదు. అందుకే ఒక్క పరిశోధనతో తృప్తిపడక, మరొకరు మరొకచోట చేసిన పరిశోధన కోసం వైద్యశాస్త్రం ఎదురు చూస్తుంది.

ఇప్పుడు కోవాక్సిన్ సంగతికి వద్దాం. మార్చి నాటి 43 మంది రోగులలో 36 మంది ఉత్తుత్తి సూది పొందినవారు, ఏడుగురు అసలు టీకా పొందినవారు. ఆ అంకెలతో లెక్క వేస్తే రక్షణ సుమారు 55 నుంచి 93 శాతం మధ్య ఉండవచ్చునని తేలుతుంది. 2021 నవంబరులో లాన్సెట్ పత్రికలో వెలువడిన తుది ఫలితంలో, ఉత్తుత్తి సూది పొందిన 8,502 మందిలో 106 మందికి, టీకా పొందిన 8,471 మందిలో 24 మందికి కోవిడ్ లక్షణాలు కనిపించాయి. పదివేల మందికి చూస్తే ఒకవైపు సుమారు 125, మరొకవైపు 28. రక్షణ 77.8 శాతం, అంచులు 65.2, 86.4. మార్చి నాటి 81 ఈ అంచుల లోపలే ఉంది, తుది 77.8 మార్చి నాటి అంచుల లోపలే ఉంది. రెండు ప్రకటనలకూ వైరుధ్యమే లేదు. మార్చి ముఖ్యవార్తలలో 81 పక్కన ఆ అంచులు కూడా ఉండివుంటే జూలైలో ఎవరికీ ఆశ్చర్యం కలిగేది కాదు.

ఇక 93.4 సంగతి. తీవ్రవ్యాధి కలిగిన 16 మందిలో ఒక్కరే టీకా పొందినవారు. శాతం ఘనంగా ఉన్నా అంచులు 57.1, 99.8. ఇది చెడ్డ ఫలితమని నేననడం లేదు. ఎంత గట్టిగా నమ్మవచ్చో సంఖ్యే చెబుతోందని మాత్రమే అంటున్నాను. 2021 జనవరి తొలి వారంలో ఈ టీకాకు అత్యవసర అనుమతి లభించేనాటికి మూడవ దశ ఫలితాలేవీ లేవు. నాడు వచ్చిన విమర్శ న్యాయమైనదే. విశాలమైన అంతరం ఉండటం వేరు, అసలు సంఖ్యే లేకపోవడం వేరు.

నియంత్రణ సంస్థలు ఈ విషయం ఎరిగినవే. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 జూన్‌లో కోవిడ్ టీకాలకు పెట్టిన నియమం చూడండి: రక్షణ కనీసం 50 శాతం ఉండాలి, దాని అంతరపు కింది అంచు 30 శాతానికి మించి ఉండాలి. నిపుణులు కింది అంచును చూసి తీర్పు చెబుతుంటే, ప్రజలకు మాత్రం నడిమి సంఖ్య ఒక్కటే చేరుతోంది. నా అభ్యంతరమంతా దాని మీదనే.

నిర్దోషి అన్న ఊహతో మొదలయ్యే విచారణ

అంతరానికి తోబుట్టువు వంటిది పరికల్పన పరీక్ష. న్యాయస్థానం ముద్దాయిని నిర్దోషి అనుకుని విచారణ మొదలుపెడుతుంది కదా. ఈ పరీక్ష కూడా మందుకు ప్రభావమేమీ లేదనుకునే మొదలవుతుంది. దీనిని శూన్య పరికల్పన అంటారు. ఆ ఊహ నిజమైతే మనకు కనిపించిన తేడా, లేదా అంతకంటె పెద్ద తేడా, కాకతాళీయంగా వచ్చే సంభావ్యత ఎంత? దానినే పి విలువ అంటారు. అది చాలా చిన్నదైతే శూన్య పరికల్పనను తోసిపుచ్చుతారు. నూటికి అయిదు అన్న హద్దు రోనాల్డ్ ఫిషర్ 1925లో ప్రచురించిన గ్రంథం వలన వాడుకలో స్థిరపడినది. అది ప్రకృతి నియమం కాదు, ఒక ఆచారం.

కోవాక్సిన్‌కు ప్రభావం లేకుంటే ఆ 43 మంది రోగులు ఇరుపక్కలా ఇంచుమించు సమానంగా పంచబడాలి. టీకా పక్కన ఏడుగురో అంతకంటె తక్కువో పడటం నాణెం లెక్కలో లక్షకు ఒక్కసారి కూడా జరగదు. కనుక ఎంత రక్షణ అన్నది మార్చిలో ఇంకా స్పష్టం కాకపోయినా, రక్షణ ఉన్నదన్నది మాత్రం అప్పటికే తేలిపోయింది. ఈ రెండు ప్రశ్నలూ వేరని గుర్తించడమే సగం చదువు.

ఈ పరీక్ష పేరిట ప్రజలలో, కొన్నిసార్లు వైద్యులలో కూడా, మూడు అపోహలు తిరుగుతున్నాయి.

మొదటిది, "సార్థకమైన తేడా" అంటే పెద్ద తేడా అనుకోవడం. ఒక్కొక్క పక్క లక్షమందిని చేర్చి పరిశీలిస్తే 50 శాతానికీ 50.6 శాతానికీ ఉన్న తేడా కూడా పరీక్షలో సార్థకంగా తేలుతుంది. దాని కోసం మీరు నెలకు వేల రూపాయలు వెచ్చించాలా అన్న ప్రశ్నకు పి విలువ సమాధానం చెప్పదు.

రెండవది, ఎన్నో పరీక్షలు చేసి నెగ్గినదానిని మాత్రం చాటుకోవడం. ఏ గుణమూ లేని ఇరవై మూలికలను విడివిడిగా పరీక్షిస్తే, కనీసం ఒక్కటైనా పరీక్షలో నెగ్గే సంభావ్యత 64 శాతం. తక్కిన పంతొమ్మిదింటి ఊసు ఎత్తకుండా ఆ ఒక్కదానినే ప్రకటిస్తే శాస్త్రం పేరుతో జూదమాడినట్లే.

మూడవది అన్నిటికంటె ప్రమాదకరమైనది: సార్థకమైన తేడా కనబడలేదంటే తేడాయే లేదనుకోవడం. అమెరికాలో 1998లో పసిపిల్లల విరేచనాలను అరికట్టడానికి రోటాషీల్డ్ అనే టీకాకు అనుమతి లభించింది. పేగులో ఒక భాగం మరొక భాగంలోకి చొచ్చుకుపోయే ప్రమాదస్థితి, అనుమతికి ముందు జరిపిన పరీక్షలలో, టీకా పొందిన 10,054 మంది పిల్లలలో ఐదుగురికి, పొందని 4,633 మందిలో ఒక్కరికి కలిగింది. ఆ తేడా పరీక్షలో సార్థకంగా తేలలేదు. కాని టీకా లక్షల పిల్లలకు చేరిన పిమ్మట ఆ ముప్పు నిజమేనని బయటపడి, 1999లో దానిని ఉపసంహరించుకున్నారు. ఐదు, ఒకటి అన్న అంకెలు "ముప్పు లేదు" అని చెప్పలేదు; "మా దగ్గర ఉన్న పిల్లల సంఖ్య చాలలేదు" అని చెప్పాయి. ఆ పాఠం వృథా పోలేదు. తరువాతి రోటావైరస్ టీకాలు రెండింటిని, ఒక్కొక్కదానిని, అరవై వేలకు పైగా పసిపిల్లలపై పరీక్షించాకే అనుమతించారు. 2016 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా ప్రభుత్వం రోటావైరస్ టీకాను ఉచితంగా ఇస్తున్నది. దాని మేలు ముప్పు కంటె ఎన్నో రెట్లు ఎక్కువ. పిల్లలకు తప్పక వేయించండి.

ఈ సందర్భంలో ఇంకొక చిట్కా. "మా మందు వాడిన వందమందిలో ఒక్కరికీ దుష్ఫలితం రాలేదు" అంటే ముప్పు సున్నా అని అర్థం కాదు. మూడును ఆ సంఖ్యతో భాగించండి. మూడు బై వంద, అంటే ముప్పు నూటికి మూడు వరకు ఉండవచ్చు. మూడువేల మందిలో ఒక్కరికీ రాకపోతే అప్పుడు వెయ్యికి ఒకటి వరకు. దీనిని మూడు సూత్రమని పిలుస్తారు.

మన ఇళ్ళలోని రక్తహీనత

ఈ లెక్క మన ఇంటి ఆడవారి ఆరోగ్యానికి ఎలా పనికివస్తుందో చూద్దాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16 నాటి నాలుగవ విడతలో, 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 60.0 శాతం, తెలంగాణలో 56.6 శాతం. అయిదవ విడతలో అవి 58.8, 57.6. ఒకచోట 1.2 తగ్గింది, మరొకచోట 1.0 పెరిగింది. ఒక రాష్ట్రం గెలిచిందనీ మరొకటి ఓడిందనీ చెప్పుకోవడానికి ఇంతకంటె ఏం కావాలి?

కాని అంచులు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో రెండు విడతల్లోనూ పది, పదకొండు వేల మంది చొప్పున స్త్రీలు సర్వేలో పాల్గొన్నారు. తెలంగాణలో నాలుగవ విడతలో సుమారు ఏడున్నర వేలు, అయిదవ విడతలో సుమారు ఇరవై ఏడున్నర వేలు. ఈ సంఖ్యలతో లెక్క కడితే రెండు విడతల మధ్య తేడాకు ఉభయ రాష్ట్రాలలోనూ అటూ ఇటూ సుమారు 1.3 శాతం ఊగిసలాట ఉంటుంది. పైగా సర్వే స్త్రీలను రాష్ట్రమంతటి నుంచి చెదురుమదురుగా ఎంచదు; కొన్ని ఊళ్ళను, వార్డులను ఎంచి అక్కడి ఇళ్ళకు వెళుతుంది. ఒకే ఊరివారు ఒకరినొకరు పోలివుంటారు కనుక అసలు అంచులు ఇంకా వెడల్పవుతాయి. కాబట్టి ఒకచోట తగ్గిందనీ, మరొకచోట పెరిగిందనీ ఈ అంకెలు రుజువు చేయవు.

మరి ఏమి రుజువు చేస్తున్నాయి? అంచులను పట్టుకుని ఎంత సాగదీసినా, ఏ రాష్ట్రంలోనూ ఏ విడతలోనూ ఆ శాతం సగానికి దిగువకు రాదు. రెండు రాష్ట్రాలలోనూ సర్వే కొలతల ప్రకారం సగానికి మించిన స్త్రీలు రక్తహీనతతో ఉన్నారు. నాలుగైదు సంవత్సరాలలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. ఒక శాతం హెచ్చుతగ్గుల మీద సాగే వాదనలో మునిగి ఈ మాటను మరిచిపోతే నష్టపోయేది మన ఆడపిల్లలే.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. అంతరం కొలిచేది కాకతాళీయ దోషాన్ని మాత్రమే. కొలతలోనే పొరపాటుంటే దానిని అది పట్టుకోలేదు. ఈ సర్వేలో వేలికొనను గుచ్చి తీసిన రక్తాన్ని పరీక్షించారు. సిర నుంచి తీసిన రక్తంతో పోలిస్తే అందులో హీమోగ్లోబిన్ కొలత వేరుగా రావచ్చు. కోటిమందిని గుచ్చినా ఆ తేడా పోదు. అలాగే, నయమైన రోగులు మాత్రమే మళ్ళీ వచ్చి కృతజ్ఞతలు చెప్పే వైద్యశాలలో ఎంతమందిని లెక్కపెట్టినా సరైన శాతం తేలదు. కుండలో పైపైన ఉడికిన మెతుకులనే పట్టి చూసినట్లు అవుతుంది.

సామాన్యులకు ఇది అర్థం కాదా?

అంచులు చెబితే ప్రజలు తికమకపడతారని, వైద్యుల మీద, టీకాల మీద నమ్మకం పోతుందని కొందరు మిత్రులు వాదిస్తారు. ఈ వాదాన్ని నేను అంగీకరించలేను. ఎకరానికి ఎన్ని బస్తాలు వస్తాయని రైతును అడిగి చూడండి. "ముప్పయి నుంచి ముప్పయి అయిదు" అంటాడు గాని, "ముప్పయి రెండు పాయింట్ నాలుగు" అనడు. ప్రసవం తేదీ చెప్పిన డాక్టరు వారం అటూ ఇటూ కావచ్చునంటే ఏ తల్లీ తికమకపడదు. అంతరాలతో ఆలోచించడం మనవారికి కొత్త కాదు. నమ్మకాన్ని చెరిపేది నిన్న 81 అని ఈనాడు 77.8 అనడం. ముందే "55 నుంచి 93 మధ్య" అని చెప్పినవారి మాట తరువాత తప్పదు.

గణాంకశాస్త్రంలో ఏ అంచనాకైనా దోషం ఇంతకంటె తగ్గడానికి వీలులేదన్న హద్దును 1945లో చూపిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన తెలుగువారు. అటువంటి వారిని కన్న జాతిలో పదవ తరగతి ముగించిన ప్రతి విద్యార్థికీ ఒక శాతాన్నీ దాని అంచులనూ చదవడం రావాలి. సూత్రాలను వల్లె వేయించడం కాదు, టీకా ఫలితాలు, రక్తహీనత లెక్కలు ముందుంచి నేర్పాలి.

అది జరిగేవరకు మీరు చేయగలిగినది ఒకటుంది. ఎవరు ఏ శాతం చెప్పినా, అది ప్రకటన అయినా, వార్త అయినా, మీ వైద్యుడి మాట అయినా, మూడు ప్రశ్నలు అడగండి. ఎంతమందిలో? అంచులు ఎక్కడి నుంచి ఎక్కడికి? వారిని ఎలా ఎంచుకున్నారు, మందు వాడనివారితో పోల్చి చూశారా? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. సమాధానం తెలియకపోతే తెలుసుకుని చెబుతాడు. మూడింటికీ జవాబు రానిచోట సొమ్ము తీయకండి. నిరూపితమైన మందును మానివేసి దానికి మారకండి. మూడింటికీ జవాబు దొరికి, కింది అంచు కూడా మీకు మేలు చేసేదిగా ఉంటే, సందేహం పెట్టుకోకుండా ముందుకు వెళ్ళండి.